విదురుణ్ణి ఆపారు, భీష్ముణ్ణి వదిలేశారు

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం పొడుగు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా వినండి.

1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ చూసే ఉంటారు. ఎన్టీఆర్ రంగారావుగా, ఎస్వీ రంగారావు తాండ్ర పాపారాయుడిగా వేశారు. ఆ సినిమాని ఒకసారి బొబ్బిలి వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. ఇంకోసారి విజయనగరం కోట దగ్గర పెరిగిన మాలాంటి వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. సినిమా ఒకటే, మొహాలు రెండు రకాలు. 1757లో విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్ళాడు కాబట్టి సినిమాలో ఆయనే విలన్. మా వీధిలో ఒక పెద్దాయన ఆ సీన్లు వచ్చినప్పుడల్లా "మన రాజుని మరీ అంత సెడ్డోడిగా సూపించాలేటి" అని గొణిగేవారు. సినిమా ఎవరి పక్షాన నిలబడింది అని అడగడానికి పీహెచ్‌డీ అక్కర్లేదని నాకు ఆయన్ని చూస్తేనే అర్థమైంది.

ఇక్కడ మనకో సౌకర్యం ఉంది. సినిమా మన చేతిలో ఉంది. పాజ్ చేసి, ఇదిగో ఈ డైలాగు, ఇదిగో ఈ షాటు అని చూపించి వాదించుకోవచ్చు. మరి సినిమానే లేకపోతే?

ఇవాళ్టి టాపిక్ మూకీ సినిమాలు. అందులోనూ మన మద్రాస్ ప్రెసిడెన్సీలో ఆడినవి. వాటిలో సామాజిక పక్షపాతం, రాజకీయ పక్షపాతం ఎంత ఉందో ఎలా అంచనా వేస్తాం?

అమెరికాలో ఈ పని తేలిక. 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీశాడు. మూడు గంటల సినిమా, ఇప్పటికీ ఫోన్లో చూడొచ్చు. తెల్ల నటులు మొహానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళ వేషాలు వేశారు. కూ క్లక్స్ క్లాన్ అనే ముసుగు మూకని గుర్రాల మీద వచ్చే రక్షకుల్లా చూపించారు. చచ్చుబడిపోయిన ఆ క్లాన్ అదే ఏడాది మళ్ళీ లేచింది. నల్లజాతి వాళ్ళ హక్కుల సంఘం ఊరూరా సినిమాకి ఎదురు తిరిగింది. అక్కడ పక్షపాతం తెర మీదే, ఫ్రేము ఫ్రేములో ఉంది.

మన దగ్గర అలా కుదరదు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే ఇవాళ మిగిలినవి, ముక్కలూ చెక్కలూ కలిపినా, వందకి మూడు కూడా లేవు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది. తగలకపోయినా పెట్టెలో ఉండి ఉండి పొడి అయిపోయేది. అందులో వెండి ఉంటుందని రీళ్ళని కరిగించి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. నేను నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. సర్వర్ క్రాష్ అయి డేటా పోతే ఏం చేస్తాం? లాగ్స్ చూస్తాం. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ రిక్వెస్టుని సిస్టమ్ రిజెక్ట్ చేసింది, ఏది పాస్ చేసింది అని చూస్తాం. ఇవాళ మనం చేయబోయేది అదే పని. దానికి నేను మూడు సినిమాలు తీసుకున్నాను. తమాషా ఏంటంటే మూడూ మహాభారతం చుట్టూ తిరిగేవే.

మొదటిది ‘భక్త విదుర’. 1921లో బొంబాయి కోహినూర్ ఫిల్మ్ కంపెనీ తీసింది. దర్శకుడు కాంజీభాయ్ రాథోడ్. కంపెనీ యజమాని ద్వారకాదాస్ సంపత్ తానే విదురుడి వేషం వేశాడు. ఇక్కడే మెలిక ఉంది. ఈ విదురుడు గాంధీ టోపీ పెట్టుకుని, ఖద్దరు కట్టుకుని తెర మీదికి వచ్చాడు. విదురుడి భార్య చరఖా తిప్పుతుంది. బొంబాయిలో ఆడినప్పుడు చరఖా మీద గుజరాతీ పాట కూడా హాల్లో పాడించారు. అది సహాయ నిరాకరణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్ జరిగి రెండేళ్ళు. హస్తినాపురం పేరు చెప్పి ఎవరి కథ చెబుతున్నారో నేల క్లాసులో కూర్చున్న కుర్రాడికి కూడా అర్థమైపోయింది. అధికారులకీ అర్థమైంది. కరాచీలో ఆపేశారు, మద్రాస్ ప్రెసిడెన్సీలో ఆపేశారు. మన దేశంలో నిషేధం పడ్డ మొదటి సినిమా ఇదేనని చెబుతారు.

బొంబాయిలో ఆడిన సినిమా మద్రాసులో ఎందుకు ఆగింది? 1918లో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. 1920కల్లా బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు పెట్టారు. మద్రాసు బోర్డుకి పెద్ద ఎవరో తెలుసా? సిటీ పోలీస్ కమిషనర్. సినిమా మంచిచెడ్డలు చూసే పని పోలీసుకి అప్పగించారంటే ప్రభుత్వం సినిమాని కళ అనుకుందా, శాంతిభద్రతల సమస్య అనుకుందా, మీరే చెప్పండి. ఒక చోట ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. కానీ ఏ ప్రావిన్సు అయినా తన పరిధిలో దాన్ని రద్దు చేసుకోవచ్చు. అంతెందుకు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరే, తన జిల్లాలో ఆపేయొచ్చు.

ఆ రోజుల్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రెండూ మద్రాస్ ప్రెసిడెన్సీయే. అందుకని మన తాతముత్తాతలకి ఆ విదురుణ్ణి చూసే అవకాశం లేకుండా పోయింది. పొందూరులో సన్న ఖద్దరు నేసిన చేతులకి, తెర మీద ఖద్దరు కట్టుకున్న విదురుణ్ణి చూపించలేదన్నమాట. మరుసటి ఏడాది, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు దళం విశాఖ మన్యంలో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది. ఆ సినిమాకీ దీనికీ సంబంధం ఉందని నేను అనట్లేదు. ప్రభుత్వం ఎలాంటి గాలిలో ఊపిరి పీల్చుకుంటోందో ఊహించుకోమంటున్నాను.

రెండో సినిమా కూడా 1921దే. ‘భీష్మ ప్రతిజ్ఞ’. తెలుగువాళ్ళు తీసిన మొదటి కథాచిత్రంగా దీన్ని లెక్కపెడతాం. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు నిర్మాత. ఆయన సామాన్యుడు కాదు. బొమ్మా ధ్వనీ కలిపి చూపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, ఊరూరా తిప్పి, రంగూన్ దాకా తీసుకెళ్ళాడు. శ్రీకాకుళం నుంచి పడవెక్కి రంగూన్ రేవులో మూటలు మోసిన మనవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అందులో ఒకరిద్దరైనా ఆయన బొమ్మలు చూసుంటారని నాకు అనుకోబుద్ధేస్తుంది, అంతే. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించాడు. కొడుకు ప్రకాష్‌ని సినిమా నేర్చుకు రమ్మని ఇంగ్లండ్ పంపాడు. ఆ ప్రకాషే దర్శకుడు, భీష్ముడు కూడా.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. ఒకే ఏడాది, ఒకే ప్రెసిడెన్సీ, ఒకే కురువంశం. ఇద్దరూ పెద్దమనుషులే. భీష్ముడు తండ్రి కోసం రాజ్యం వదులుకుని, సింహాసనం మీద ఎవరుంటే వాళ్ళకి కాపలా కాసేవాడు. విదురుడు దాసీ కొడుకు. రాజు మొహం మీదే నువ్వు చేసేది తప్పు అని చెప్పేవాడు. దాసీ కొడుకుని ఆపారు, తాతగారిని వదిలేశారు. మన లాగ్ ఫైల్లో మొదటి ఎంట్రీ ఇది.

అలాగని భీష్మ ప్రతిజ్ఞ తీసినవాళ్ళు తెల్లదొరల భజనపరులు అని ఎవరైనా రీల్ చేస్తే నేను ఒప్పుకోను. సినిమాకి సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన అందులో విధేయత ఉందని రుజువు కాదు. పురాణం ఎంచుకోవడానికి వాళ్ళకి వేరే గట్టి కారణం ఉంది. అది వ్యాపారం. మద్రాస్ ప్రెసిడెన్సీలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, ఒరియా అన్నీ ఉన్నాయి. చదువు వచ్చినవాళ్ళు బాగా తక్కువ. మధ్యలో వచ్చే టైటిల్ కార్డుని హాల్లో చాలామంది చదవలేరు. తెర పక్కన ఒక మనిషి నిలబడి చదివి వినిపించేవాడు. ఇలాంటి చోట ఏ కథ తీస్తే అన్ని ఊళ్ళలో ఆడుతుంది? అందరికీ ముందే తెలిసిన కథ. భారతం, భాగవతం. లాంగ్వేజ్ ప్యాక్ అక్కర్లేని యాప్ లాంటిది పురాణం.

నాకు అసలు ఆసక్తి ఇక్కడి నుంచే మొదలవుతుంది. మా విజయనగరంలో 1892లోనే ‘కన్యాశుల్కం’ ఆడారు. డబ్బుకి ఆడపిల్లల్ని అమ్మేసే పెద్దలు, గిరీశం, మధురవాణి, అందరూ స్టేజీ ఎక్కేశారు. మరి దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిన సినిమా మళ్ళీ హస్తినాపురానికి ఎందుకు వెళ్ళిపోయింది? భయమా? కొంత అయ్యుండొచ్చు. కానీ గిరీశాన్ని మూకీలో పెట్టి చూడండి. ఏం మిగులుతుంది? చుట్ట కాలుస్తూ చేతులూపే మనిషి మిగులుతాడు. కన్యాశుల్కం ప్రాణమంతా మాటలో ఉంది. ఎవరు ఎవరిని ఏమని పిలిచారు, ఎవరి యాస ఎలాంటిది, ఎవరు ఎప్పుడు ఇంగ్లీషు ముక్కలు దంచారు, అందులో ఉంది.

కొంచెం ఆగి ఆలోచిస్తే మన సమాజంలో కులం, హోదా ఎక్కడ వినపడతాయి? పిలుపులో. "ఒరే", "ఏమయ్యా", "బాబూ", "అయ్యగారూ". మన జిల్లాల్లో ఒక ముసలాయన జమీందారు గుమాస్తా కుర్రాణ్ణి "బాబూ" అంటాడు, ఆ కుర్రాడు ముసలాయన్ని "ఒరే" అంటాడు. ఒక్క మాటలో వందేళ్ళ చరిత్ర వచ్చేస్తుంది. మూకీ సినిమా ఆ ఒక్క మాటని మ్యూట్ చేసేసింది. ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు, ఆ పరికరానికే ఉన్న పరిమితి. కానీ ఫలితం మాత్రం పక్షపాతమే. మాటతో చేసే ఎగతాళి, మాటతో చేసే తిరుగుబాటు తెర మీదికి ఎక్కలేకపోయాయి. కిరీటాలు, గదలు, రథాలు ఎక్కాయి.

మాట లేనప్పుడు అర్థం మోసేది బట్ట ఒక్కటే. జంధ్యం, తలపాగా, కిరీటం, టోపీ. అందుకే విదురుడి టోపీకి అంత కంగారు పడ్డారు. మాటల సినిమాలో అయితే టోపీ ఒక డ్రెస్సు. మూకీలో టోపీయే డైలాగు.

ఇంకో ఎంట్రీ చూద్దాం. వేషాలు ఎవరు వేశారు? భీష్మ ప్రతిజ్ఞలో గంగ వేషం వేసినావిడ పేరు పెగ్గీ కాస్టెల్లో. పేరు వింటేనే తెలుస్తోంది కదా, తెలుగింటి అమ్మాయి కాదని. అంతకుముందు 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీస్తే, తారామతి వేషానికి ఆడమనిషి దొరక్క సాలుంకే అనే మగాడితో వేయించాడు. ఆయన ఒక హోటల్లో వంటవాడు. మూకీల కాలంలో దేశమంతటా పెద్ద హీరోయిన్లలో చాలామంది ఆంగ్లో ఇండియన్, యూదు కుటుంబాల ఆడవాళ్ళే. సులోచన అసలు పేరు రూబీ మైయర్స్. సీతాదేవి అసలు పేరు రెనీ స్మిత్. సీత, గంగ, సావిత్రి అని తెర మీద పూజించిన వాళ్ళు వీళ్ళే. మన ఇంటి ఆడపిల్ల మాత్రం మొహానికి రంగు వేసుకోకూడదు. ఈ లెక్క ఏ సీనులోనూ కనపడదు. నటీనటుల పేర్లలో కనపడుతుంది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకి మాట రాగానే లెక్క మారింది. తెలుగు పలకాలి కాబట్టి సురభి నాటక సమాజం నుంచి కమలాబాయి వచ్చింది. సురభి వాళ్ళు అప్పటికే ఆడవాళ్ళతోనే ఆడ వేషాలు వేయిస్తున్నారు కాబట్టి దొరికింది.

కులం విషయానికి వస్తే కేరళలో జరిగింది తప్పకుండా చెప్పాలి. మలయాళంలో మొదటి మూకీ ‘విగతకుమారన్’. జె.సి. డేనియల్ తీశాడు. అందులో సరోజిని అనే నాయర్ స్త్రీ వేషం వేసిన పి.కె. రోజీ దళిత కుటుంబం అమ్మాయి. తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో సినిమా వేస్తే, ఒక దళిత అమ్మాయి నాయర్ స్త్రీగా కనపడటమేంటని తెర మీదికి రాళ్ళు విసిరారు. ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె ఊరు విడిచి పారిపోయింది. ఆ సినిమా కూడా ఇప్పుడు లేదు. దొరికి, మీరు ఫ్రేము ఫ్రేమూ చూసినా ఒక నాయర్ స్త్రీ కథే కనపడుతుంది. పక్షపాతం తెర మీద లేదు. తెరకి ఎదురుగా కుర్చీల్లో కూర్చుంది.

ప్రభుత్వం వైపు కూడా ఒక పెద్ద ఎంక్వైరీ నడిచింది. 1927లో ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ వేశారు. ఛైర్మన్ మద్రాసు లాయరు టి. రంగాచారియార్. దేశమంతా తిరిగి వందల మంది సాక్షుల్ని అడిగారు. మొదట అందరూ పట్టించుకున్న ప్రశ్న ఏంటంటే, అమెరికా సినిమాల్లో తెల్ల ఆడవాళ్ళు ముద్దులు పెట్టుకోవడం చూస్తే ఇండియన్లకి తెల్లవాళ్ళ మీద గౌరవం పోతుందేమో అని. అంటే సర్కారు భయం మన నీతి గురించి కాదు, వాళ్ళ పరువు గురించి. దాంతోపాటు అమెరికా సినిమాల్ని తగ్గించి బ్రిటిష్ సినిమాల్ని ఎక్కించాలనే వ్యాపారం లెక్క ఒకటి. కమిటీలో ముగ్గురు ఇండియన్లు, ముగ్గురు తెల్లవాళ్ళు. 1928లో రిపోర్టు వచ్చింది. ఆ భయాలు అతిగా ఉన్నాయని తేల్చారు, బ్రిటిష్ సినిమాకి ప్రత్యేక రాయితీ అక్కర్లేదన్నారు. తెల్ల సభ్యులు విడిగా అసమ్మతి రాశారు. ప్రభుత్వం రిపోర్టుని బీరువాలో పెట్టేసింది. గాంధీ గారికి కూడా ప్రశ్నలు పంపితే, నేను సినిమాకి ఎప్పుడూ వెళ్ళలేదు, నా దృష్టిలో అది చెడ్డదే అన్నట్టు జవాబిచ్చారు. ఏ మనిషి టోపీ పెట్టుకున్నాడని ఒక సినిమా ఆగిపోయిందో, ఆ మనిషికే సినిమా అంటే గిట్టదు!

ఇక మూడో సినిమా, ‘ఎ త్రో ఆఫ్ డైస్’. 1929. హిమాంశు రాయ్ నిర్మాత, ఫ్రాంజ్ ఆస్టెన్ అనే జర్మన్ దర్శకుడు. భారతంలో జూదం ఘట్టాన్ని ఆధారం చేసుకుని ఇద్దరు రాజులు, ఒక ఆశ్రమ కన్య, మోసపు పాచికలు అని కథ అల్లారు. రాజస్థాన్‌లో ఏనుగులు, గుర్రాలు, వేల మంది జనంతో తీశారు. యూరప్ వాళ్ళు డబ్బు పెట్టారు, యూరప్ హాళ్ళలో ఆడించారు. అందుకే ప్రింటు అక్కడ భద్రంగా మిగిలింది, తర్వాత శుభ్రం చేసి కొత్త సంగీతం కూడా చేర్చారు. చూడటానికి చాలా బాగుంటుంది, నేను రెండుసార్లు చూశాను. కానీ ఒక సంగతి గమనించండి. ఇవాళ మీరు ఇండియన్ సైలెంట్ ఫిల్మ్ అని వెతికితే తేలిగ్గా దొరికేది ఇలాంటిదే. పులి, పాము, ఏనుగు, నగలు పెట్టుకున్న మహారాజు. యూరప్ టికెట్ కొనేవాడికి ఏ ఇండియా కావాలో ఆ ఇండియా.

విదురుణ్ణి ఆపారు, ఆ ప్రింటు పోయింది. భీష్ముణ్ణి వదిలారు, ఆ ప్రింటూ పోయింది. జూదమాడే మహారాజు మాత్రం మిగిలాడు. మనం మిగిలిన వాటిని మాత్రమే చూసి, అప్పట్లో మనవాళ్ళంతా ఇలాంటివే తీశారు అనేస్తే, అది సర్వైవర్‌షిప్ బయాస్. మా ఆఫీసులో అయితే ఈ డేటాసెట్ మీద మోడల్ ట్రైన్ చేయనివ్వరు.

దక్షిణాదిలో మిగిలిన మూకీ ‘మార్తాండ వర్మ’, 1933. అది ఎందుకు మిగిలిందో వింటే నవ్వొస్తుంది. సి.వి. రామన్ పిళ్ళై నవలని హక్కులు లేకుండా తీశారని పబ్లిషర్లు కోర్టుకెక్కారు, ప్రింటు జప్తు అయింది. జప్తయిన ప్రింటుని ఎవరూ కరిగించలేకపోయారు. తర్వాత పూనా ఫిల్మ్ ఆర్కైవ్‌కి చేరింది. దక్షిణాది మూకీ ఎలా ఉండేదో ఇవాళ కళ్ళతో చూడగలుగుతున్నామంటే కాపీరైట్ కేసు పుణ్యం.

మాట వచ్చాక ఏమైందో కూడా చెప్పేస్తాను. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశాడు. ఒకటి అంటరానితనం మీద, రెండోది జమీందారీ మీద. తెలుగు సినిమాకి మాట వచ్చిన ఏడేళ్ళలోనే ఇవి వచ్చాయంటే, మన సినిమావాళ్ళకి ధైర్యం లేక పురాణాలు తీశారన్న వాదన సగమే నిజమని నాకు అనిపిస్తుంది. రైతుబిడ్డకి ఎదురు తిరిగింది ముఖ్యంగా జమీందార్లు. అందులో మన బొబ్బిలి రాజా గారి పేరూ వినిపిస్తుంది. ఆయన అప్పటికి మద్రాస్ ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసి, 1937 ఎన్నికల్లో బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. టోపీని చూసి ఉలిక్కిపడ్డది పోలీసు, పాలేరు మాట విని ఉలిక్కిపడ్డది జమీందారు. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను, అందులో బోలెడు విషయం ఉంది.

ఈలోపు ఒక పని. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పలాస, ఎక్కడైనా సరే, మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలు ఉంటాయి కదా. టెంటు హాళ్ళ కాలంలో సినిమావాళ్ళు బండి మీద డప్పు కొట్టుకుంటూ పంచిన కరపత్రాలు కొన్ని ఇళ్ళల్లో పెళ్ళి శుభలేఖల మధ్య ఇప్పటికీ దొరుకుతాయి. దొరికితే మడత విప్పేటప్పుడు జాగ్రత్త, విరిగిపోతాయి. ముందూ వెనకా రెండు వైపులా ఫోటో తీసి పంపండి. వెనక వైపు ఎందుకంటే టికెట్ రేట్లు, ఆడవాళ్ళకి వేరే చోటు ఉందా, నేల క్లాసు ఎంత అన్నది చాలాసార్లు అక్కడే వేసేవారు.